కూలెంట్ పోతే రియాక్టర్ పవర్ తగ్గుతుందా, పెరుగుతుందా?

దిల్‌సుఖ్‌నగర్_మెకానికల్

అందరికీ నమస్తే. బీటెక్ మెకానికల్ అయిపోయింది, అణుశక్తి విభాగం వాళ్ల ట్రైనీ ఇంటర్వ్యూకి చదువుకుంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటాను. మొన్న ఆదివారం ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన "రియాక్టర్‌లో కూలెంట్ పోతే రియాక్టివిటీ ఏమవుతుంది?" అని అడిగారు. నేను టకీమని "తగ్గుతుంది సార్, నీళ్లే కదా న్యూట్రాన్లని నెమ్మదింపజేసేది, నీళ్లు పోతే చెయిన్ రియాక్షన్ దానంతట అదే ఆగిపోతుంది" అని చెప్పాను. ఆయన "ఏ రియాక్టర్‌లో?" అని ఒక్క మాట అని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. నాకు నోట మాట రాలేదు.

హాస్టల్‌కి వచ్చి మా రూమ్మేట్‌తో అంటే వాడు "చెర్నోబిల్‌లో నీళ్లు ఆవిరైతేనే కదా పవర్ పెరిగి పేలింది, అంటే పెరుగుతుంది అనే కదా" అన్నాడు. రాత్రి ఒంటిగంట దాకా కొట్లాడుకున్నాం, తేలలేదు. పుస్తకంలో వాయిడ్ కోఎఫిషియెంట్ (కూలెంట్ ఆవిరై ఖాళీ ఏర్పడితే రియాక్టివిటీ ఎటు, ఎంత మారుతుందో చెప్పే అంకె) అని ఒక పేరా ఉంది, నెగెటివ్ అయితే మంచిది, పాజిటివ్ అయితే చెడ్డది అని రాసి వదిలేశాడు. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లలో అది పాజిటివ్ అని ఇంకో చోట చదివాను. అక్కడ న్యూట్రాన్లని నెమ్మదింపజేసే మోడరేటరూ భారజలమే (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీళ్లు), వేడి మోసే కూలెంటూ భారజలమే. మరి నీళ్లు పోతే రియాక్టివిటీ పెరగడం ఏంటి? నాకు ఇదే అస్సలు మింగుడుపడట్లేదు. పాజిటివ్ చెడ్డదైతే మనవాళ్లు యాభై ఏళ్లుగా అవే ఎందుకు కడుతున్నారు?

ఫార్ములాలు బట్టీ పట్టగలను, అది వద్దు. లోపల న్యూట్రాన్‌కి ఏం జరుగుతుందో ఎవరైనా చెప్తే చాలు. ఇంటర్వ్యూకి ఇంకా మూడు వారాలుంది, టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట_ఫిజిక్స్

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నువ్వు చెప్పిందీ కరెక్టే, మీ రూమ్మేట్ చెప్పిందీ కరెక్టే తమ్ముడూ, ఇద్దరూ వేరువేరు రియాక్టర్ల గురించి మాట్లాడుతున్నారు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చాలా మంచిది.

ముందు రియాక్టివిటీ అంటే ఏంటో ఒక మాట. ఒక తరంలో వెయ్యి న్యూట్రాన్లుంటే తర్వాతి తరంలోనూ సరిగ్గా వెయ్యే ఉంటే రియాక్టివిటీ సున్నా, పవర్ నిలకడగా ఉంటుంది. వెయ్యి పోయి వెయ్యినొకటి అయితే ఒక మిల్లీ-కే పెరిగినట్టు. చూడ్డానికి ఎంతో చిన్న తేడా, కానీ తరాలు సెకనులో వేలకొద్దీ గడిచిపోతాయి కాబట్టి ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. దాన్ని మన చేతిలో ఉంచేవి ఆలస్యంగా పుట్టే న్యూట్రాన్లు. యురేనియం 235 విషయంలో అవి మొత్తంలో 0.65 శాతం, అంటే ఆరున్నర మిల్లీ-కే. రియాక్టివిటీ ఆ గీత దాటితే మనిషి చెయ్యి గానీ మోటారు గానీ అందుకోలేవు.

ఇప్పుడు కూలెంట్. మనం దాన్ని వేడి మోసుకుపోయే కూలీ అనే చూస్తాం. న్యూట్రాన్‌కి వేడితో పనిలేదు, దారిలో తగిలిన ప్రతి అణువూ దానికి ఒకటే. తగిలినప్పుడు మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. వేగం తగ్గుతుంది, లేదా ఆ అణువు న్యూట్రాన్‌ని మింగేస్తుంది, లేదా బయటికి పోబోయే న్యూట్రాన్ వెనక్కి తిరుగుతుంది. కూలెంట్ పోతే ఈ మూడూ ఒకేసారి పోతాయి. నెమ్మదింపజేయడం పోవడం వల్ల నష్టం, మింగడం పోవడం వల్ల లాభం. ఏది ఎక్కువైతే రియాక్టివిటీ అటు మొగ్గుతుంది. రియాక్టర్ని బట్టి ఆ తూకం మారిపోతుంది, అందుకే ఆయన "ఏ రియాక్టర్‌లో?" అన్నారు.

మామూలు నీళ్ల రియాక్టర్ తీసుకో, మన కూడంకుళం లాంటిది. అక్కడ మోడరేటర్, కూలెంట్ ఒకటే నీళ్లు. యురేనియం నుంచి పుట్టిన న్యూట్రాన్ సెకనుకి సుమారు ఇరవై వేల కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది. హైడ్రోజన్ కేంద్రకం బరువు కూడా న్యూట్రాన్ బరువంతే కాబట్టి, క్యారమ్ స్ట్రైకర్ వెళ్లి అంతే బరువున్న ఇంకో స్ట్రైకర్‌ని గుద్దినట్టు, సగటున పద్దెనిమిది గుద్దుళ్లలో వేగమంతా పోయి సెకనుకి రెండు కిలోమీటర్ల చిల్లరకి దిగుతుంది. అప్పుడే యురేనియం 235 దాన్ని సులువుగా పట్టుకుంటుంది. నీళ్లు పోతే ఈ గుద్దుళ్లు ఉండవు, కాబట్టి పవర్ పడిపోతుంది.

కానీ ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. నీళ్లు న్యూట్రాన్లని మింగుతాయి కూడా. అందుకని దీన్ని అన్నానికి ఎసరు పెట్టడంతో పోల్చి చూడు. బియ్యానికి తగ్గ ఎసరు అంటూ ఒక కొలత ఉంటుంది, తక్కువైతే పలుకు, ఎక్కువైతే ముద్ద. రియాక్టర్లోనూ యురేనియానికి తగ్గ నీళ్ల కొలత ఒకటుంది, అక్కడ రియాక్టివిటీ అన్నిటికంటే ఎక్కువ. ఈ రియాక్టర్లని కావాలనే ఆ కొలతకంటే కొంచెం తక్కువ నీళ్లతో డిజైన్ చేస్తారు. అప్పుడు నీళ్లు వేడెక్కి పలచబడితే కొలత నుంచి ఇంకా దూరం జరుగుతాం, రియాక్టివిటీ తగ్గుతుంది. అదే ఎక్కువ నీళ్ల వైపు డిజైన్ చేసి ఉంటే నీళ్లు తగ్గినకొద్దీ సరైన కొలతకి దగ్గరవుతాం, పెరుగుతుంది. నీళ్లు ఒకటే, యురేనియం ఒకటే, వాటి మధ్య దూరాన్ని బట్టి గుర్తు తారుమారవుతుంది. మూడొందల డిగ్రీల దగ్గర నీళ్ల సాంద్రత మన బిందెలో నీళ్లకంటే దాదాపు ముప్పై శాతం తక్కువ, కాబట్టి ఈ మార్పు చిన్నదేం కాదు.

తారాపూర్‌లో 1969 నుంచి ఉన్న మొదటి రెండు యూనిట్లు నీళ్లు లోపలే మరిగే రకం. ఆ రకంలో ఈ గుణాన్నే స్టీరింగ్‌లా వాడతారు. పంపు స్పీడు పెంచి నీళ్లు ఎక్కువ తోస్తే బుడగలు కొట్టుకుపోయి నీళ్ల వాటా పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది. పంపు తగ్గిస్తే బుడగలు పెరిగి పవర్ దిగుతుంది. న్యూట్రాన్లని మింగే కంట్రోల్ రాడ్ ముట్టుకోకుండానే!

క్లాసులో నేను తప్పకుండా చెప్పే కథ ఇంకోటుంది. ఆఫ్రికాలో గాబాన్ దేశంలో ఓక్లో అనే చోట యురేనియం గనిలో దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల క్రితం భూమిలోనే రియాక్టర్ నడిచింది. 1972లో ఫ్రెంచ్ వాళ్లు కనిపెట్టారు. అప్పట్లో సహజ యురేనియంలో 235 వాటా మూడు శాతం పైనే ఉండేది, భూగర్భజలం దిగగానే చెయిన్ రియాక్షన్ మొదలయ్యేది, అరగంటలో నీళ్లు మరిగి ఆవిరై పోయేవి, అది ఆగిపోయేది, రెండున్నర గంటలు చల్లారి నీళ్లు మళ్లీ చేరేవి, మళ్లీ మొదలు. ఆ రాళ్లలో చిక్కుకున్న జెనాన్ వాయువుని కొలిచి ఈ లెక్క తేల్చారు. ఆపరేటర్ లేడు, కంట్రోల్ రూమ్ లేదు, వాయిడ్ కోఎఫిషియెంట్ ఒక్కటే లక్షల ఏళ్లు దాన్ని నడిపింది. ఎప్పుడు చెప్పినా నాకే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక చెర్నోబిల్. అక్కడ న్యూట్రాన్లని నెమ్మదింపజేసేది గ్రాఫైట్, అది గట్టి దిమ్మలుగా ఎక్కడికీ పోకుండా ఉంటుంది. గొట్టాల్లో పారే మామూలు నీళ్లు అక్కడ ముఖ్యంగా చేసేది వేడి మోయడం, న్యూట్రాన్లని కొన్ని మింగడం. నీళ్లు ఆవిరైతే మింగేవాడు పోయాడు, నెమ్మదింపజేసేవాడు అలాగే ఉన్నాడు. పవర్ పెరుగుతుంది, పెరిగితే ఇంకా ఆవిరి, ఇంకా పవర్. 1986 ఏప్రిల్ 26 రాత్రి పవర్ బాగా తగ్గించి, రాడ్లు దాదాపు అన్నీ పైకి లాగేసి, నీళ్లు మరిగే అంచున ఉన్నప్పుడు పంపుల స్పీడు పడిపోయే పరీక్ష పెట్టారు. ఆపడానికి బటన్ నొక్కితే రాడ్ల కింద వేలాడే గ్రాఫైట్ ముక్కలు ముందు అడుగున ఉన్న నీళ్లని తోసేసి అక్కడ రియాక్టివిటీని ఇంకొంచెం పెంచాయి. ప్రమాదం తర్వాత మిగతా ఆ రకం రియాక్టర్లలో ఇంధనంలో 235 వాటాని 2 శాతం నుంచి 2.4 శాతానికి పెంచి, అదనంగా న్యూట్రాన్లని మింగే రాడ్లు పెట్టారు. ఆలస్యపు న్యూట్రాన్ల వాటాకి నాలుగున్నర రెట్ల దాకా ఉన్న వాయిడ్ ప్రభావం ఒక రెట్టు లోపుకి దిగింది. నీళ్లొక్కటే కాకుండా మింగేవి వేరేవి కూడా ఉంటే నీళ్లు పోయినప్పుడు తేడా తక్కువ తెలుస్తుంది, అంతే లెక్క.

భారజలం సంగతి అనుభవం ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

ఉప్పల్_రింగ్‌రోడ్

మంచి వివరణ మేడమ్. ఒక్క డౌట్. కూడంకుళం రకంలో నీళ్లు పోతే దానంతట అదే ఆగిపోతుంది అన్నారు కదా, మరి నీళ్లు పోతే అంత భయం ఎందుకు? ఆగిపోతే మంచిదే కదా?

నల్లకుంట_ఫిజిక్స్

ఆగేది చెయిన్ రియాక్షన్, వేడి ఆగదు. విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు రేడియోధార్మికంగా క్షీణిస్తూనే ఉంటాయి, ఆపిన క్షణంలో కూడా మామూలు పవర్‌లో ఆరు, ఏడు శాతం వేడి వస్తూనే ఉంటుంది, గంట తర్వాత కూడా ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్‌లో 1979లో రియాక్టర్ సెకన్లలోనే ఆగింది, అయినా నీళ్లు తగ్గి కోర్ దాదాపు సగం కరిగింది. ఫుకుషిమాలోనూ భూకంపం రాగానే రియాక్టర్లు ఆగాయి, సునామీ తర్వాత కూలింగ్ లేక కరిగాయి. రియాక్టివిటీ ఒక సమస్య, చల్లబరచడం ఇంకో సమస్య, ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిపేయకండి.

కుషాయిగూడ_రిటైర్డ్

బాబూ, నేను భారజల రియాక్టర్లలో ఆపరేషన్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు కుషాయిగూడలో ఉంటున్నాను. నీ ప్రశ్న చూసి రాత్రి నిద్రపట్టలేదు, తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఆ రెండు భారజలాలనీ నీ బుర్రలో విడదీసుకో, మొత్తం కీలకం అక్కడే ఉంది. పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము ఒకటి ఊహించుకో, దాన్ని కెలాండ్రియా అంటాం. దాని నిండా మోడరేటర్ భారజలం, అరవై డెబ్బై డిగ్రీల్లో, పెద్ద ప్రెషర్ ఏమీ లేకుండా. ఆ డ్రమ్ములోంచి అడ్డంగా 306 గొట్టాలు దూరి ఉంటాయి, అది 220 మెగావాట్ల యూనిట్ లెక్క. 540, 700 యూనిట్లలో అయితే 392. ఇంధనం ఉండేది ఆ గొట్టాల్లో, దాని చుట్టూ పారేది కూలెంట్ భారజలం, మూడొందల డిగ్రీలకి దగ్గర, వంద అట్మాస్ఫియర్ల చిల్లర ప్రెషర్‌లో. ఈ రెండూ కలవవు. గొట్టం పగిలి కూలెంట్ పోయినా డ్రమ్ములో మోడరేటర్ చెక్కుచెదరదు. అంటే న్యూట్రాన్లని నెమ్మదింపజేసే అసలు సరుకు అక్కడే ఉంది. చెర్నోబిల్‌లో గ్రాఫైట్ ఎలా మిగిలిందో ఇక్కడ డ్రమ్ములో భారజలం అలా మిగిలింది. నువ్వు "నీళ్లు పోతే" అన్నప్పుడు పోయేది ఆ కొద్దిపాటి కూలెంట్ మాత్రమే.

మరి భారజలం న్యూట్రాన్లని మింగదు కదా, అది పోతే లాభం ఎక్కడిది అంటావు. కరెక్టే, మింగే విషయంలో లాభం చాలా కొంచెం. అసలు సంగతి బండిల్ లోపల ఉంది.

మన మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యేది ఈ బండిలే. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు డమ్మీ బండిల్ ఒకటి చేతికిచ్చారు, ఇప్పటికీ ఆ బరువు గుర్తుంది. అర మీటరు పొడవు, పదహారు కిలోల పైచిలుకు, రెండు చేతులూ కావాలి. పంతొమ్మిది పిన్నులు గుండ్రంగా పేర్చి రెండు చివరలా పళ్లేల్లాంటి వాటికి అతికి ఉంటాయి, ఒక్కో పిన్నులో కుంకుడుకాయంత లావు యురేనియం పెల్లెట్లు వరసగా. పిన్నుకీ పిన్నుకీ మధ్య సందు చూస్తే పాత పావలా బిళ్ల అంచు దూరేంత. ఆ సందుల్లోంచే కూలెంట్ పారాలి.

ఇప్పుడు ఒక పిన్నులో న్యూట్రాన్ పుట్టింది అనుకో. పక్క పిన్ను ఆ పావలా సందు అవతలే ఉంది. సందులో భారజలం ఉంటే కొన్ని న్యూట్రాన్లు దాన్ని గుద్దుకుని కొంత వేగం పోగొట్టుకుంటాయి. ఈ కొంత అన్నదే ప్రమాదం. పూర్తిగా నెమ్మదించిన న్యూట్రాన్ పనికొస్తుంది, పూర్తి వేగంలో ఉన్నది యురేనియం 238ని కూడా చీల్చగలదు. మధ్యలో, రెసొనెన్స్ అనే వేగాల దగ్గర ఉన్నదాన్ని యురేనియం 238 చీలకుండానే మింగేస్తుంది, మనకేం మిగలదు. ఇంధనం గుంపు మధ్యలోనే సగం నెమ్మదించడం అంటే దొంగల మధ్యలో పర్సు తెరిచినట్టు. కూలెంట్ లేకపోతే న్యూట్రాన్ పూర్తి వేగంతోనే పక్క పిన్నుని తాకుతుంది, 238 విచ్ఛిత్తులు కొంచెం పెరుగుతాయి, లేదా గొట్టం దాటి చల్లని మోడరేటర్‌లోకి వెళ్లి 238కి దూరంగా నిదానంగా నెమ్మదిస్తుంది, రెసొనెన్స్ నష్టం తగ్గుతుంది. రెండూ రియాక్టివిటీని పెంచేవే.

ఇంకోటి ఉంది. మోడరేటర్‌లో అరవై డిగ్రీల చల్లదనానికి అలవాటుపడి ఇంధనంలోకి తిరిగొచ్చే న్యూట్రాన్లని వేడి కూలెంట్ మళ్లీ కొంచెం వేడెక్కిస్తుంది, వేగం పెంచుతుంది. కూలెంట్ పోతే ఆ పని జరగదు. కొత్త ఇంధనంలో ఇది కూడా పాజిటివ్ వైపే. కానీ కొన్నాళ్లు కాలాక ప్లుటోనియం 239 పోగవుతుంది, దానికి 0.3 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర ఇష్టమైన చోటు ఒకటుంది, కొంచెం వేడి న్యూట్రాన్లే దానికి నచ్చుతాయి. కూలెంట్ పోతే ఆ వేడి న్యూట్రాన్లు తగ్గి ప్లుటోనియం విచ్ఛిత్తులు తగ్గుతాయి, అది నెగెటివ్. అందుకే కొత్త కోర్‌లో వాయిడ్ ప్రభావం ఎక్కువ, కాలిన కోర్‌లో తక్కువ. అన్నీ కలిపి కోర్ మొత్తంలో కూలెంట్ పోతే పది మిల్లీ-కే పైన వస్తుంది. మేడమ్ చెప్పిన ఆరున్నరతో పోల్చుకో, ఎక్కువే.

మరి ఎందుకు కడుతున్నాం అని అడిగావు. ఎందుకంటే సహజ యురేనియంతో, అంటే 0.7 శాతం 235తో, ఎన్‌రిచ్‌మెంట్ (235 వాటా పెంచడం) లేకుండా నడిచే దారుల్లో ఇదొకటి, నడుస్తుండగానే ఇంధనం మార్చుకోవచ్చు. ఆ పాజిటివ్‌ని దాచిపెట్టి కూర్చోలేదు ఎవరూ, దాన్ని ఎదురుగా పెట్టుకునే డిజైన్ చేశారు. మూడు సంగతులు గుర్తుపెట్టుకో.

ఒకటి, టైమ్. న్యూట్రాన్ పుట్టి చచ్చే మధ్య కాలం మామూలు నీళ్ల రియాక్టర్లో సెకనులో లక్షో వంతుల్లో ఉంటే, ఇక్కడ దాదాపు వెయ్యో వంతు. పెద్ద పైపు తెగినా అన్ని గొట్టాలూ క్షణంలో ఖాళీ కావు, వాయిడ్ క్రమంగా ఏర్పడుతుంది. పవర్ ఎగుస్తుంది, కానీ షట్‌డౌన్ సిస్టమ్ అందుకోగలిగే వేగంతోనే. పైగా గామా కిరణాలు భారజలం నుంచి ఇంకొన్ని న్యూట్రాన్లని ఆలస్యంగా పుట్టిస్తాయి, అదీ కలిసొస్తుంది.

రెండు, ఆపే ఏర్పాటు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు షట్‌డౌన్ సిస్టమ్‌లు ఉంటాయి. ఎక్కువ 220 యూనిట్లలో ఒకటి కాడ్మియం ఉన్న రాడ్లు పడటం, రెండోది నిలువు గొట్టాల్లోకి లిథియం పెంటాబోరేట్ ద్రావణం ఎక్కించడం. 540, 700ల్లో రెండోది నేరుగా మోడరేటర్‌లోకి గాడోలినియం నైట్రేట్ చిమ్మడం. ఇవన్నీ న్యూట్రాన్లని మింగేవే. మోడరేటర్ ప్రెషర్ లేకుండా చల్లగా ఉంది కాబట్టే ఇది కుదురుతుంది, రాడ్లని బయటికి నెట్టే ప్రెషర్ కూడా అక్కడ లేదు.

మూడు, గొట్టాల పంపకం. 700 యూనిట్లలో కూలెంట్‌ని రెండు లూపులుగా విడదీసి, ఒక లూపు గొట్టాల మధ్యలో ఇంకో లూపు గొట్టాలు వచ్చేలా కలిపి అల్లారు. ఒక లూపు తెగినా పక్క గొట్టాల్లో నీళ్లు ఉంటాయి, కోర్‌లో ఒక వైపంతా ఒక్కసారి ఖాళీ అవ్వదు. కాక్రపార్‌లో 2020లో మొదటిసారి క్రిటికల్ అయిన (చెయిన్ రియాక్షన్ నిలకడగా మొదలైన) మూడో యూనిట్ ఈ రకమే. ఈ యూనిట్లలో గొట్టం చివర కూలెంట్ కొద్దిగా మరగనిస్తారు కూడా, కాబట్టి వాయిడ్ అంటే యాక్సిడెంట్ రోజు వచ్చేదే అనుకోకు, మామూలు రోజు కూడా ఆ లెక్క వేసుకోవాల్సిందే.

ఒక విషయం ఎవరూ అడగరు గానీ నాకు ముఖ్యం. కూలెంట్ భారజలంలో మామూలు నీళ్లు కలిస్తే వాయిడ్ ప్రభావం ఇంకా పెరుగుతుంది. హైడ్రోజన్ డ్యుటీరియం కంటే ఆరొందల రెట్లు ఎక్కువ మింగుతుంది, అప్పుడు కూలెంట్ పోవడం అంటే చెర్నోబిల్ లెక్కలోకి అడుగు వేసినట్టే. భారజలం స్వచ్ఛతని ల్యాబ్ వాళ్లు పదే పదే కొలిచేది ఇందుకు కూడా. షిఫ్ట్‌లో ఆ కాగితం నా చేతికొచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు అంకెని రెండుసార్లు చదివేవాణ్ని.

దిల్‌సుఖ్‌నగర్_మెకానికల్

సార్, పావలా సందు దగ్గర నాకు మొత్తం వెలిగింది. ఇన్నాళ్లూ మోడరేటర్, కూలెంట్ రెండూ ఒకే భారజలం కాబట్టి ఒకటే అనుకుంటూ వచ్చాను. మా రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించాను, వాడు రెసొనెన్స్ అంటే ఏంటో ఇప్పుడు వెతుకుతున్నాడు. చాలా థ్యాంక్స్ సార్, మేడమ్ మీకు కూడా.

కల్పాక్కంలో సోడియం వాడతారు కదా, అక్కడ మోడరేటరే లేదు. అక్కడ సోడియం పోతే? ఇది కూడా అడుగుతారేమో అని భయం.

సైనిక్‌పురి_కోడ్

సోడియం గురించి నేను చెప్తాను, నా పని రియాక్టర్ సిమ్యులేషన్ కోడ్‌లు రాయడమే.

ఫాస్ట్ రియాక్టర్‌లో న్యూట్రాన్లు వేగంగా ఉండాలి, అదే దాని ప్రాణం. సోడియం కేంద్రకం బరువు 23, కాబట్టి హైడ్రోజన్ లాగా ఒక్క దెబ్బకి వేగం లాగేయదు గానీ కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. సోడియం మరిగి పోతే న్యూట్రాన్లు ఇంకా వేగంగా ఉంటాయి, వేగం పెరిగితే ప్లుటోనియం ఒక న్యూట్రాన్ మింగినందుకు తిరిగిచ్చే న్యూట్రాన్లు పెరుగుతాయి. అది పాజిటివ్. కానీ సోడియం లేకపోతే అంచుల దగ్గర న్యూట్రాన్లు బయటికి జారిపోవడం పెరుగుతుంది, అది నెగెటివ్. అంటే బుడగ కోర్ మధ్యలో వస్తే రియాక్టివిటీ పెరుగుతుంది, అదే బుడగ అంచులో వస్తే తగ్గుతుంది. అందుకే "సోడియం వాయిడ్ కోఎఫిషియెంట్ ఎంత" అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకోకు, ఎక్కడ అని కూడా చెప్పు. అన్నా, ఇది నిజంగా మార్కులు తెచ్చే మాట. చిన్న కోర్‌లో లీకేజీ ఎక్కువ కాబట్టి మొత్తం మీద నెగెటివ్ అవుతుంది, పెద్ద కోర్‌లో పాజిటివ్ వైపు మొగ్గుతుంది.

దీనికి అసలు రక్షణ మరగనివ్వకపోవడమే. కల్పాక్కం 500 మెగావాట్ల ప్రోటోటైప్‌లో సోడియం బయటికొచ్చేది 547 డిగ్రీల్లో, సోడియం మరిగేది 883 దగ్గర. మధ్యలో మూడొందల డిగ్రీలకి పైనే గ్యాప్. దానికి తోడు ఇంధనం వేడెక్కగానే పనిచేసే డాప్లర్ ప్రభావం (వేడికి యురేనియం 238 రెసొనెన్స్ దగ్గర ఇంకా ఎక్కువ మింగడం) ఉంది, కోర్ నిర్మాణమే వేడికి వ్యాకోచించి ఇంధనం దూరం జరగడం వల్ల వచ్చే నెగెటివ్ ఉంది. ఇవి ఎంత గట్టివంటే అమెరికాలో ఈబీఆర్-2 అనే చిన్న సోడియం రియాక్టర్లో 1986 ఏప్రిల్ 3న పూర్తి పవర్ మీద పంపులు ఆపేసి, రాడ్లు పడకుండా చేసి చూశారు. సోడియం వేడెక్కింది, కోర్ వ్యాకోచించింది, పవర్ దానంతట అదే పడిపోయింది, కోర్‌కి ఏమీ కాలేదు. చెర్నోబిల్‌కి సరిగ్గా ఇరవై మూడు రోజుల ముందు! ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువు. రెండు చోట్లా కూలెంట్ పారడం తగ్గింది, రెండు చోట్లా ఆపరేటర్లు కావాలనే చేసిన పరీక్ష.

కుషాయిగూడ సార్ రాసిన దానికి ఒకటి కలుపుతాను. డ్రమ్ములో భారజలం ఉండే గొట్టాల డిజైన్ అంటే వాయిడ్ పాజిటివ్‌గానే ఉండాలని రూలేం లేదు. మన వాళ్లే డిజైన్ చేసిన ఏహెచ్‌డబ్ల్యూఆర్ (అడ్వాన్స్‌డ్ హెవీ వాటర్ రియాక్టర్)లో నిలువు గొట్టాల్లో మామూలు నీళ్లు మరుగుతాయి, డ్రమ్ములో భారజలం, అయినా ఇంధనాన్నీ గొట్టాల దూరాన్నీ మార్చి, ఇంధనం పిన్నుల గుంపు మధ్యలో న్యూట్రాన్లని మింగే డిస్ప్రోసియం పెట్టి వాయిడ్‌ని నెగెటివ్ వైపుకి తెచ్చారు. కాగితం మీద ఉన్న డిజైనే గానీ ఈ ప్రశ్నకి చక్కటి ఉదాహరణ. అయితే అందులో ఇంధనం సహజ యురేనియం కాదు, థోరియం కలిసినది.

హీలియం లాంటి గ్యాస్ కూలెంట్ అయితే ఈ గొడవే లేదు, న్యూట్రాన్‌కి అది ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే.

దిల్‌సుఖ్‌నగర్_మెకానికల్

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, రెండు రోజుల్లో నోట్స్ సగం పుస్తకం అయింది. ఆయన మళ్లీ అడిగితే ఇలా చెప్దామనుకుంటున్నాను, తప్పుంటే దిద్దండి: "సార్, మామూలు నీళ్ల రియాక్టర్లో ఎప్పుడూ తగ్గుతుంది కాబట్టి అది సేఫ్, చెర్నోబిల్ రకంలో మింగేవాడు పోతాడు కాబట్టి పెరుగుతుంది, భారజల రియాక్టర్లో మోడరేటర్ మిగిలే ఉంటుంది కాబట్టి పెరుగుతుంది, కానీ నిదానంగా, రెండు షట్‌డౌన్ సిస్టమ్‌లు దాన్ని అందుకుంటాయి."

కుషాయిగూడ_రిటైర్డ్

బాగుంది బాబూ, కానీ "ఎప్పుడూ తగ్గుతుంది" అన్న మాట తీసెయ్. కూడంకుళం రకంలో రియాక్టివిటీని సర్దడానికి కూలెంట్‌లోనే బోరిక్ యాసిడ్ కలుపుతారు. కొత్త ఇంధనం వేసినప్పుడు బోరాన్ ఎక్కువ ఉంటుంది. నీళ్లు వేడెక్కి పలచబడితే నీళ్లతోపాటు బోరాన్ కూడా కోర్‌లోంచి బయటికి పోతుంది, అంటే మింగేవాడూ పోతున్నాడు. బోరాన్ మరీ ఎక్కువైతే గుర్తు పాజిటివ్ అయిపోతుంది. అందుకే బోరాన్‌కి పరిమితి పెట్టి, మిగతా పని ఇంధనంలో కలిపిన గాడోలినియంకి అప్పజెప్తారు.

"కాబట్టి అది సేఫ్" అన్నది కూడా ఊరికే అనకు. వేడెక్కితే తగ్గేది చల్లబడితే పెరుగుతుంది, అదే కోఎఫిషియెంట్. స్టీమ్ లైన్ తెగి కూలెంట్ ఒక్కసారిగా చల్లబడినా, ఆగి ఉన్న లూపు పంపు స్టార్ట్ చేసి చల్లటి నీళ్లు కోర్‌లోకి తోసినా రియాక్టివిటీ పెరుగుతుంది. ఆయన తర్వాతి ప్రశ్న ఇదే వేస్తాడు, నేనైతే ఇదే వేస్తాను. ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా నీళ్ల వాటా, నిలువుగా రియాక్టివిటీ పెట్టి మేడమ్ చెప్పిన ఎసరు గీత గీయి. కూడంకుళం ఆ గీత మీద బోరాన్ ఉన్నప్పుడు ఎక్కడుంటుందో, లేనప్పుడు ఎక్కడుంటుందో రెండు చుక్కలు పెట్టు. ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఆదివారం పొద్దున చూస్తాను.